ట్రైలర్ కింద రాడ్డు, రాడ్డు మీద పూత

మొన్న ఎండాకాలంలో పటాన్‌చెరు దగ్గర మా బస్సు గంటసేపు ఆగిపోయింది. ముందు ఓ భారీ ట్రైలర్. దానిమీద బాయిలర్ డ్రమ్మో మరొకటో, మనిషి నడకకన్నా నెమ్మదిగా పోతోంది. అందరూ విసుక్కుంటుంటే నేను టైర్లు లెక్కపెట్టాను. వరుసకు 8 చొప్పున 14 వరుసలు, మొత్తం 112. మెకానికల్ విద్యార్థికి ఇంతకంటే కాలక్షేపం ఏముంటుంది!

మోసేది 200 టన్నులనుకుందాం. సమంగా పంచితే టైరుకు రెండు టన్నుల లోపే. కాని సమంగా పంచడమే అసలు చిక్కు. రోడ్డు బల్లపరుపుగా ఉండదు కదా! ఒక చక్రం గుంటలో దిగితే దాని వంతు బరువు పక్కవాటి నెత్తిన పడుతుంది. అందుకే ప్రతి ఇరుసుకూ ఒక హైడ్రాలిక్ సిలిండర్ పెట్టి, వాటిని సాధారణంగా మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపునూ గొట్టాలతో కలుపుతారు. గుంటలో దిగిన చక్రం దగ్గర పిస్టన్ రాడ్డు బయటికి సాగుతుంది, పక్క సిలిండర్ల నూనె అక్కడికి పోతుంది, గుంపంతటా పీడనం ఒక్కటిగానే ఉంటుంది. ఇంటర్లో మనం బట్టీపట్టిన పాస్కల్ సూత్రం ఇదే. మూడు గుంపులే ఎందుకంటారా? నాలుగుకాళ్ల మంచం ఎగుడుదిగుడు నేలమీద ఊగుతుంది, ముక్కాలిపీట ఊగదు.

ఇంత ఏర్పాటూ ఆ రాడ్డు నునుపు మీద ఆధారపడి ఉంది. దానిమీద తుప్పు గుంట పడితే సీలు చిరిగి నూనె కారుతుంది. గుంపు పీడనం పడిపోతే బరువు ఆ పక్కకు ఒరుగుతుంది. కనుకనే ఇలాంటి రాడ్లకు హార్డ్ క్రోమ్ పూత వేస్తూ వచ్చారు.

ఆ పూత సంగతి నాకు పుస్తకాలకంటే ముందు మా మేనమామ వల్ల తెలిసింది. ఆయన బాలానగర్‌లో ఒక చిన్న ప్లేటింగ్ షాపులో ఇరవయ్యేళ్లు పనిచేశాడు. క్రోమిక్ ఆమ్లం తొట్టిలో రాడ్డును ముంచి కరెంటు పంపితే, అందులో కొద్ది భాగమే క్రోమియం పేరుకోవడానికి ఉపయోగపడుతుంది. మిగతాది చాలావరకు హైడ్రోజన్ బుడగలకే పోతుంది. ఆ బుడగలు పగిలి ఆమ్లపు తుంపర గాలిలోకి లేస్తుంది. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం ఊపిరితిత్తుల కేన్సరు కారకమని రుజువైంది. మామకు మొదట ముక్కులోంచి రక్తం వచ్చేది, తర్వాత ముక్కు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడింది. “ఊపిరి తీస్తే ఈలేస్తున్న చూడు” అని నవ్వుతాడు.

ఐరోపా సంఘంలో 2017 సెప్టెంబరు తర్వాత క్రోమియం ట్రైఆక్సైడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. బదులుగా లేజర్ క్లాడింగ్ ఉంది: కిరణం లోహపు పైపొరను కరిగిస్తుంటే అందులో లోహపు పొడి చల్లడం. వెల్డింగుకు చెల్లెలనుకోండి. చిక్కల్లా నిదానం. నిమిషానికి ఒకటి రెండు మీటర్లు, పైగా పూత మందం. జర్మనీలో ఆఖెన్ నగరపు ఫ్రాన్‌హోఫర్ సంస్థవారు చిన్న మార్పు చేశారు. పొడి రాడ్డును తాకకముందే కిరణంలో కరిగేలా గురి మార్చారు. కరిగిన చుక్కలే రాడ్డుమీద పడతాయి కాబట్టి అక్కడ మడుగు వేడెక్కేదాకా ఆగనక్కరలేదు. వేగం నిమిషానికి 200 మీటర్ల దాకా పెరిగింది, మందం 25 నుంచి 250 మైక్రాన్లకు తగ్గింది. క్రోమ్ పైన అంటుకునేదే, ఇది ఉక్కుతో కరిగి కలుస్తుంది. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో కూడా లేజర్ పూతల పరిశోధన ఉంది.

దసరాకు వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. మామ ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు: “ఆ మిషను ఎంతైతదిరా అల్లుడా? మా సేటు కొంటడా?”

కొనలేడు. పూత తర్వాత గ్రైండింగు ఖర్చు ఎలాగూ తప్పదు, పొడి ముక్కులోకి పోకుండా, కిరణం కంట పడకుండా గది మూసి పనిచేయాలి. నలభై షాపులు కలిసి ఒక యంత్రం పెడితే మీటరు రాడ్డుకు ఎంత పడుతుందో ఈ ఏడాది ప్రాజెక్టుగా లెక్క వేస్తున్నాను. పోల్చడానికి క్రోమ్ రేట్లు మామే ఒక కాగితంమీద రాసిచ్చాడు.