ఆకాశం సరే, అంకెల మాటేమిటి?

మా పెద్దవాడు వీ.ఆర్. హెడ్‌సెట్టు తలకు తగిలించుకుని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానం నడుపుతాడు. ఆకాశం దివ్యంగానే ఉంటుంది గాని, ఎదుట మీటర్లమీది అంకెలే అలుక్కుపోతాయట. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమన్నాడు. నా నెల జీతం మింగే వస్తువది, నేనొప్పుకోలేదు.

మంచి కన్ను ఒక డిగ్రీ మేరలో సుమారు 60 చుక్కలు పోల్చుకోగలదు; వాడి క్వెస్ట్ 2 చూపేవి దాదాపు 20. కార్డు మార్చితే తెరమీద చుక్కలు పెరుగుతాయా?

ముందు కనుపాపల ఎడం కొలిచి లెన్సులు జరపాలి. ఇందులో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లు. లెన్సు నడుమనే బొమ్మ తేటగా ఉంటుంది. కనుక హెడ్‌సెట్టును పైకీ కిందికీ కదిపి, అంకెలు తేటపడినచోట పట్టీ బిగించాలి. ఆపైన రెండర్ స్కేలు పెంచవచ్చు. మితిమీరితే బొమ్మ తడబడి కడుపులో తిప్పుతుంది. కార్డు సంగతి అప్పుడు!

ఇప్పుడు వేగం చదవగలుగుతున్నాడు. ఎత్తు చూపే మీటరుకు మాత్రం మెడ చాచవలసిందే.