మొరం నేల మీద మోటారు బండి
రిమోట్ కారు కొనేవాళ్లు చాలామంది పెట్టె మీద రాసిన వేగాన్నే చూస్తారు. విరిగాక బాగవుతుందా అన్న ప్రశ్న ఆ తర్వాతెప్పుడో వస్తుంది, అప్పటికే డబ్బు చేజారి ఉంటుంది

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే నగరవాసులకు రెండు గుర్తొస్తాయి. ఒకటి, దసరా నాడు జనం పోటెత్తే రావణ దహనం మైదానం. రెండోది, కాలనీకి ఆ పేరు తెచ్చిపెట్టిన వాగన్ రిపేర్ షాపు. గూడ్సు వాగన్లు నిర్ణీత కాలానికోసారి అక్కడికొచ్చి, చక్రాలు, బ్రేకులు విప్పించుకుని, బాగై తిరిగి పట్టాలెక్కుతాయి. రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రాకపోకలు పెరిగాయి. రైల్వే కొలువుల కోసం వచ్చి నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు పిల్లలకు వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు.

ఆ పిల్లలకు ఇప్పుడో కొత్త మోజు. సెల్‌ఫోన్ వీడియోల్లో రాళ్లమీదుగా ఎగిరి, దుమ్ము చిమ్ముకుంటూ దూసుకుపోయే ఎలక్ట్రిక్ రిమోట్ కారు. నాన్నకు ఫోన్ చూపించి అడిగితే ఆయన చూసేది ధర. అక్కడే చిక్కు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు కార్లలో ఒకటి 1,500 రూపాయలు, మరొకటి 12,000. తేడా ఏమిటో పెట్టె మీద రాసి ఉండదు. నెల జీతంతో నడిచే ఇంట్లో ఆ తేడా తెలియకుండా కొంటే చివరికి మిగిలేది అటక మీద ఓ ప్లాస్టిక్ డొక్కు, మొహం వేలాడేసిన పిల్లవాడు.

బొమ్మా? బండా?
మార్కెట్లో ఉన్నవి రెండు జాతులు. మొదటిది బొమ్మ కారు. మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే ఆగడం. చక్రం తిరిగితే మొత్తం తిరుగుతుంది, లేదంటే లేదు. లోపల మోటారు, సర్క్యూటు అన్నీ ఒకే బోర్డుకు అతికి ఉంటాయి. ఒక వైరు తెగినా, ఒక గేరు పన్ను విరిగినా విడిభాగం దొరకదు. రెండోది హాబీ కారు. ట్రిగ్గర్‌ను ఎంత నొక్కితే అంత వేగం, స్టీరింగ్‌ను ఎంత తిప్పితే అంత మలుపు. మోటారు, స్టీరింగ్‌ను తిప్పే సర్వో, వేగాన్ని నియంత్రించే పరికరం, షాక్ అబ్జార్బర్లు, గేర్లు చాలావరకు విడివిడిగా విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఈ రెండో జాతికి నాలుగు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. జపాన్‌లోని షిజువోకా కేంద్రంగా పనిచేసే తమియా కంపెనీ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే ఆఫ్‌రోడ్ బగ్గీలను తెచ్చింది. కొత్తవాళ్ల కోసం, తక్కువ ధరలో గ్రాస్‌హాపర్‌ను 1984లో విడుదల చేసింది. అదే ఏడాది అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సీ10ను తెచ్చి ఈ సరదాను పందేల స్థాయికి చేర్చింది. గ్రాస్‌హాపర్ ముక్కలుగా పెట్టెలో వచ్చేది. కొన్నవాడే బిగించుకోవాలి. అందుకే విరిగితే ఏది విరిగిందో వాడికి తెలిసేది.

ఇప్పుడు తక్కువ బడ్జెట్‌లో దొరికేవి ఎక్కువగా చైనా తయారీవే, అదీ బిగించి సిద్ధంగా. డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 వీటికి మంచి ఉదాహరణ. అసలు కారులో పద్నాలుగో వంతు పరిమాణం, నాలుగు చక్రాలకూ శక్తి, 550 సైజు మోటారు, 7.4 వోల్టుల బ్యాటరీ, లోహపు చాసిస్. ఎంజేఎక్స్, హెచ్‌బీఎక్స్ పేర్లతో పదహారో వంతు కార్లు కూడా ఇదే వరుసలో ఉన్నాయి.

ధర ఎందుకు పెరిగింది?
విదేశీ వెబ్‌సైట్‌లో కనిపించిన ధరను రూపాయల్లోకి మార్చి లెక్కేసుకునేవారికి నిరాశ తప్పదు. దిగుమతి బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది. కాబట్టి పెట్టెమీద వయసు ఎంత రాశారో చూడాలి. 14 ఏళ్లు పైబడినవారికి అని ఉంటే, అది చిన్నపిల్లల బొమ్మగా భద్రతా పరీక్షకు నిలిచిన వస్తువు కాకపోవచ్చు. పెద్దవాళ్లు పక్కనుండాల్సిందే.

నేలను బట్టి బండి
ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో మొరం నేల, గులకరాళ్లు, వేసవిలో దుమ్ము, వానాకాలంలో బురద. కారు ఎంపిక ఇక్కడ మొదలవ్వాలి. బగ్గీ నేలకు దగ్గరగా ఉంటుంది. చదునైన మట్టిలో చక్కగా పరుగెడుతుంది గానీ గులకరాళ్లలో పొట్ట తగులుతుంది. పెద్ద చక్రాల ట్రక్కు ఎగుడుదిగుళ్లను సులువుగా దాటుతుంది, మలుపుల్లో పల్టీ కొడుతుంది. క్రాలర్ నిదానంగా రాళ్లెక్కుతుంది, వేగం ఉండదు. తొలిసారి కొనేవారికి పద్నాలుగు లేదా పదహారో వంతు, నాలుగు చక్రాల ట్రక్కు ఖర్చుకీ నేలకీ మధ్యేమార్గం. ఇంతకన్నా చిన్నది కొంటే, మనకు కంకర అనిపించేది దానికి బండరాయి.

వేగం సంగతి. గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. క్వార్టర్ల మధ్య సందులో పిల్లవాడు మీట వదిలేలోపు కారు నాలుగిళ్లు దాటేస్తుంది. కిలో బరువున్న బండి ఆ వేగంతో కాలికి తగిలితే దెబ్బ చిన్నదేమీ కాదు. మొదట్లో వేగాన్ని తగ్గించి ఉంచే సౌకర్యం రిమోట్‌లో ఉందేమో చూసుకోవాలి. బ్రష్‌లెస్ మోటారుకు అరిగే బ్రష్‌లు ఉండవు, వేగమూ ఎక్కువే, ధరా ఎక్కువే. నేర్చుకునే దశలో మామూలు బ్రష్డ్ మోటారు చాలు. అరిగిపోయినా తక్కువలో కొత్తది వేసుకోవచ్చు.

దుమ్ము అసలు శత్రువు. చక్రాల దగ్గర ప్లాస్టిక్ బుష్‌ల బదులు బాల్ బేరింగులు ఉంటే మేలు. ఆట అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో దులపడం అలవాటు చేయాలి. నీటికి తట్టుకుంటుందన్న మాటను చినుకులకే పరిమితం చేసుకోవాలి, బురదగుంటలో దించకూడదు. మే నెల ఎండలో మోటారు త్వరగా కాగుతుంది. ఒక బ్యాటరీ అయిపోగానే రెండోది పెట్టకుండా పావుగంట చల్లారనివ్వాలి.

బ్యాటరీతో ఆటలొద్దు
పెట్టెలో వచ్చేది 1,500 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ అనుకుందాం. కారు సగటున 6 ఆంపియర్లు లాగితే అది పావుగంటకు అయిపోతుంది. గంటలు గంటలు ఆడొచ్చని కొన్నవారికి ఇది తొలి దెబ్బ. రెండో బ్యాటరీ లేకపోతే ఆటకన్నా చార్జింగ్ సమయమే ఎక్కువ.

అసలు జాగ్రత్త భద్రత విషయంలో. ఈ కార్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ తేలికగా ఉండి ఎక్కువ శక్తినిస్తుంది గానీ తప్పుగా వాడితే మంటలు లేస్తాయి. ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులు దాటి చార్జ్ చేయకూడదు, 3 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు. వోల్టేజీ పడిపోగానే కారును ఆపేసే ఏర్పాటు ఉందో లేదో అడగాలి. చార్జింగ్ గచ్చు నేలమీద, మంచానికీ కర్టెన్లకూ దూరంగా, మనిషి మెలకువగా ఉన్నప్పుడే జరగాలి. రాత్రి పెట్టి పడుకోవడం పనికిరాదు. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకూడదు, చెత్తబుట్టలోనూ వేయకూడదు, పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీతో నడిచే కారు మంచిది. బరువెక్కువ, జోరు తక్కువ. అయినా పొరపాట్లను ఎక్కువ ఓర్చుకుంటుంది.

పదివేలను పంచడం ఎలా?
చాలామంది ఉన్న డబ్బంతా కారుకే పెట్టేస్తారు. బడ్జెట్ పదివేలైతే కారుకు ఏడున్నర వేలకు మించనివ్వకపోవడం తెలివైన పని. మిగతా రెండున్నర వేలు రెండో బ్యాటరీకి, సెల్‌లను సమంగా నింపే మంచి చార్జర్‌కు, ముందే తెలిసిన విడిభాగాలకు. ముందు చక్రాల ఆర్మ్‌లు, స్టీరింగ్ లింకులు, గేర్లు, బాడీని పట్టి ఉంచే పిన్నులు ముందుగా విరిగేవి లేదా పోయేవి. ఆ డబ్బులో మంచి కారు రాకపోతే రెండు నెలలు ఆగడం మేలు. నాసిరకం బొమ్మ పదేపదే కొంటే అయ్యే ఖర్చు ఒక మంచి బండి ఖర్చుకు దగ్గరికొస్తుంది.

దుకాణదారును అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఈ మోడల్‌కు ఆర్మ్, గేరు, సర్వో విడిగా మన దేశంలోనే దొరుకుతాయా? సర్వోకు మూడు వైర్లా, ఐదు వైర్లా? మూడైతే సాధారణంగా వేరే కంపెనీది కూడా పెట్టుకోవచ్చు, ఐదైతే అదే రకం వెతుక్కోవాలి. వేగ నియంత్రణ పరికరం, రిసీవర్ కలిసి ఉన్నాయా, వేరుగా ఉన్నాయా? కలిసి ఉంటే ధర తగ్గుతుంది, ఒకటి కాలిపోతే మాత్రం రెండూ మార్చాలి. ఆన్‌లైన్లో కొంటే ముందు విడిభాగాల పేజీ తెరిచి చూడాలి. కారు ఉండి భాగాలు లేకపోతే ఆ కారు మనది కాదు.

పిల్లవాడి సంబరం కొన్న రోజుది కాదు, తొలిసారి ఆర్మ్ విరిగిన రోజు తేలుతుంది. తండ్రి స్క్రూడ్రైవర్ తీసి, స్క్రూలు ఒక మూతలో వరుసగా పెట్టి, ఏది ఎక్కడిదో వాడితోనే చెప్పిస్తూ విప్పితే మరుసటి సాయంత్రానికి కారు మళ్లీ మైదానంలో ఉంటుంది. వాగన్లు ఊడదీసి బిగించే చేతులున్న కాలనీలో ఈ పని చేయగలవారికి కొదవ లేదు. కావాల్సిందల్లా విప్పడానికి వీలున్న బండి.