ఎడారి గుడారములో ఊలు అల్లిక

అల్లికపని ఇంటి అరుగునకే తగినదని తలచియుంటిమి. జైసల్మేరునకు పడమట సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న సమ్ ఇసుకతిన్నెలలో, పుష్యమాసమున రెండు రాత్రులు గుడారమున గడపిన పిదప ఆ తలంపు మారినది.

అచట పగటియెండ హాయి గొల్పును. ప్రొద్దు గ్రుంకినంతనే, గాలిలో తేమయు నింగిలో మబ్బును లేనందున, ఇసుక తన వేడిని త్వరత్వరగా కోల్పోవును. మొదటిరాత్రి మా చిన్నపిల్ల చలికి వణకి నిద్రింపలేదు. కాలక్షేపమునకై కొనిపోయిన లావుపాటి ఊలుతో తెల్లవారగనే కుల్లాయి మొదలిడి, సాయంకాలమునకు ముగించితిమి. ఆ రాత్రి పిల్ల సుఖముగా నిదురించెను.

అట్లు పోదలచువారికి కొన్ని మాటలు: వెదురుసూదులు మేలు, లోహపుసూదులు చలికి వ్రేళ్లను కొఱుకును. నెగడు వెలుగునకు సాదా అల్లికయే తగును. నిప్పురవ్వ పడినచో కృత్రిమపుదారము కరగి చర్మమున కంటుకొనును. గొఱ్ఱెఊలు కరగక మాడును. కావున గొఱ్ఱెఊలునే కొనిపోవలయును. అయినను నెగడుకు ఎడముగా కూర్చుండుట మంచిది. ఊలుండను నేల నుంచరాదు; భరుట్ గడ్డి ముండ్లకాయలు పట్టుకొన్నచో వదలవు. కరవుకాలమున అచటివారు ఆ గడ్డిగింజలనే తిని బ్రతికెడివారట!

ఇప్పటికిని కుల్లాయి దులిపినపుడు రెండిసుకరేణువులు రాలుచున్నవి. పిల్ల దానిని ఉతుకనీయదు.