"ఫ్లడ్ ఔట్" అను నాంగ్లక్రియయు దాని తెలుఁగును

ఆంగ్లభాషలో "ఫ్లడ్" అను ధాతువునకు "ఔట్" అను నవ్యయముఁ జేర్చినపుడు గలుగు నర్థమును మనవా రనేకులు సరిగా గ్రహింపకున్నారు. ఒక కుటుంబమువారు "ఫ్లడెడ్ ఔట్" అనఁగా, వఱద యింటఁ జొచ్చుటచే వారు నివాసము విడిచి వెడలవలసివచ్చె నని భావము. దీనిని "వారు మునిఁగిపోయిరి" అని తెనిఁగించినచో జీవించియున్నవారిని జంపినట్లగును. దూరదేశముననున్న బంధువు పత్రికలో నట్టి వాక్యముఁ జదివిన నేమగునో యూహింపవచ్చును.

సంస్కృతమున హృధాతువు ఆ, వి, సమ్ అను నుపసర్గలతోఁ గూడి ఆహార విహార సంహారము లైనట్లే, ఇచ్చట నవ్యయము ధాత్వర్థమును మార్చుచున్నది. అది ధాతువునకు ముందు గాక పిమ్మట నుండుటయే భేదము. "ఫ్లడ్ ఇన్" అన్నచో నీరే కర్త, లోనికిఁ జొరఁబడును. ఉత్తరములు "ఫ్లడ్ ఇన్" అన్నచో మన "వెల్లువెత్తు" చక్కఁగా సరిపోవును. "ఫ్లడ్ ఔట్" అన్నచో వెలికిఁ బోవునది నీరు గాదు, మనుష్యులు. వారు కర్మ యగుటచేతనే యీ క్రియ తఱచుగాఁ గర్మణిప్రయోగమునఁ గానవచ్చును.

ఏలూరు ప్రాంత మీ భేదమును జూపుటకుఁ దగిన చోటు. తాడేపల్లిగూడెము చెంత నెఱ్ఱకాలువ పొంగి వరిచేల నాక్రమించును. అచ్చట "చేలు మునిఁగినవి" యన్నఁ జాలును, "ఔట్"తోఁ బని లేదు. ఏలూరునఁ దమ్మిలేఱు రెండు పాయలై పట్టణమును జుట్టి కొల్లేటఁ గలియును. ఆ పాయలు పొంగి జనులు గృహములు విడిచినపుడే యాంగ్లక్రియ యన్వర్థము. కొల్లేటి లంకలలో మఱియొక విశేషము. సరస్సున కెన్నియో యేళ్లును గాలువలును వచ్చుచుండఁగా, సముద్రమునకుఁ బోవు త్రోవ యుప్పుటే ఱొక్కటియే. అందుచే నీరు దీయుటకు దినములు పట్టును. అయినను లంకవారు పడవలపై రాకపోకలు సాగించుచు నిల్లు విడువకుండుటయుఁ గలదు. ఊరు మునుఁగుట వేఱు, ఊరివారు తరలిపోవుట వేఱు.

2024 సెప్టెంబరులో బుడమేటికి గండ్లు పడి విజయవాడలో సింగునగరము మున్నగు పేటలు నీట మునిఁగెను. కొందఱు మేడలపై నిలిచిరి. కొందఱు పడవలపై వెలికి వచ్చిరి. రెండవవారికే యీ క్రియ చెల్లును. మొదటివారికిఁ బడవపై నన్నము పంపవలెను, రెండవవారికి వసతి చూపవలెను. "పేట జలమయ మయ్యెను" అను వాక్యము పేటనుగూర్చి చెప్పునే కాని వీరిలో నెవ్వరినిఁ దెలుపదు.

"మునుఁగఁబడిరి" అనుట వ్యాకరణవిరుద్ధము. మునుఁగు ధాతు వకర్మకము. "వఱద వారిని ముంచెను" అనుటయుఁ దగదు. "కొంప ముంచెను" అని నీటిబొట్టు లేనిచోటను ద్రోహమునకు వాడుదుము. "వఱద వారిని వెడలఁగొట్టెను" అనుట మూలమునకు దగ్గఱయే కాని, వఱదకు లేని పగను గల్పించును. "వఱదకు నిల్లు విడిచిరి" అన్నఁ జాలును. "చలికి వడఁకెను", "ఎండకు వాడెను" అన్నచోటులం దువలె నిచ్చటను "కు" ప్రత్యయము హేతువును దెలుపును. వారు మరలి వచ్చిరో లేదో యాంగ్లక్రియయుఁ జెప్పదు. అది వేఱొక వాక్యమున వ్రాయవలసినదే.