కుట్టు విప్పితే కొత్త జాకెట్టు

పాతపాళ్య చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కోడలు నీళ్ళోసుకుందంటే ముందు తిండి గురించి మాట్లాడుకుంటారు, తర్వాత ఆసుపత్రి గురించి. బట్టల ఊసు మూడు నాలుగు నెలల దాకా ఎవరూ ఎత్తరు. ఒకరోజు పొద్దున బస్సుకు టైమవుతుండగా జాకెట్టు హుక్కు పడదు. హడావుడి అక్కడ మొదలవుతుంది.

ఫోన్లో వెతికితే ‘మెటర్నిటీ’ అని పేరు పెట్టిన కుర్తీలూ గౌన్లూ కుప్పలుగా కనిపిస్తాయి. చాలావాటిలో ఉండేది మామూలు గుడ్డే. పొట్ట దగ్గర కాస్త వదులు, ఎదపై మరుగున రెండు జిప్పులు, ఆ పేరుకు తగ్గట్టు ధర. నాలుగైదు నెలలు కట్టుకునే బట్టకు అంత పెట్టనక్కర్లేదు. కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఈ తెలుగు పల్లెల్లో, చూలాలికి కావలసిన బట్టల్లో చాలా భాగం అప్పటికే బీరువాలో ఉంటుంది. కొనాల్సినవి కొన్నే. మిగతావన్నీ మార్చుకునేవి.

చీర సంగతే చూడండి. అయిదున్నర మీటర్ల గుడ్డకు సైజంటూ లేదు. నిండు నెలల్లో బరువు సుమారు పది పన్నెండు కిలోలు పెరిగినా అదే చీర సరిపోతుంది, కుచ్చిళ్ళు రెండు తగ్గుతాయి, అంతే. అయితే ఒక్క జాగ్రత్త: పొట్ట పెరిగేకొద్దీ చీర ముందు వైపు పైకి లేస్తుంది, వెనక జీరాడుతుంది. అద్దంలో పక్క నుంచి చూసుకుని వెనక అంచు కాస్త ఎత్తి కట్టుకుంటే మెట్ల మీద కాలికి తగలదు. గంజి పెట్టిన బిరుసు చీరల కంటే నాలుగైదు ఉతుకులు చూసిన మంగళగిరి నేత చీరలాంటిది ఒంటికి హాయి. సన్నంచు, చిన్న పూలు, కాస్త ముదురు రంగు. ఇంతకు మించి ఫ్యాషన్ పాఠం అక్కర్లేదు.

పడమటి దేశాల ఆడవాళ్ళకు ఈ సౌకర్యం లేదు. బిగుతు గౌన్ల కాలంలో గర్భిణి ఇల్లు కదలకుండా ఉండడమే మర్యాద అనుకునేవారు. లిథువేనియా నుంచి న్యూయార్క్‌కు వలస వెళ్ళి కుట్టుపనితో బతికిన లీనా బ్రయంట్ 1904 ప్రాంతంలో, నడుము దగ్గర ఎలాస్టిక్ పెట్టి గర్భిణులు వీధిలోకి కట్టుకుని వెళ్ళదగ్గ గౌను కుట్టింది. ఆ బట్టల ప్రకటన వేయించుకోవడానికి ఆమెకు 1911 దాకా పట్టింది, పత్రికలకు అంత మొహమాటం! 1938లో డాలస్ నగరంలో ఎల్సీ ఫ్రాంక్‌ఫర్ట్ తన అక్క కోసం ఇంకో ఉపాయం పన్నింది. స్కర్టు ముందు భాగంలో పొట్ట మేర గుడ్డ కత్తిరించేసి, పైన తాడుతో బిగువు వదులు సవరించుకునేలా చేసింది. దాని చుట్టూ ‘పేజ్ బాయ్’ అనే కంపెనీయే లేచింది. లంగా నాడా ఎరిగిన మనవాళ్ళకు అందులో వింత ఏమీ కనిపించదు.

ఆ నాడా గురించి ఒక మాట. సన్నటి నాడా బిగించి కడితే నడుము కోసుకుపోతుంది, చెమట పట్టి దురద పెడుతుంది. అది లాగేసి ఒకటిన్నర అంగుళాల వెడల్పు ఎలాస్టిక్ దూర్చుకోవచ్చు, లేదా వెడల్పాటి నూలు పట్టీ కట్టుకోవచ్చు. పొట్ట మీద కట్టాలా, కింద కట్టాలా అన్నది ఎవరి ఒంటిని బట్టి వారిది.

అసలు చిక్కంతా జాకెట్టుతోనే. పొట్ట పైకి కనిపించడానికి ముందే, మొదటి మూడు నెలల్లోనే ఎద కొలత మారిపోతుంది. మంచి టైలరు పక్క కుట్ల దగ్గర లోపల గుడ్డ వదిలి, ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు వరసలు కుట్లు వేస్తాడు. అవసరమైనప్పుడు ఒక్కో వరస విప్పుకుంటూ పోతే పాత జాకెట్టే మరో రెండు నెలలు పనికొస్తుంది. లోపల గుడ్డ లేకపోతే చంక కింద అదే రంగు ముక్క పలకగా కోసి అతికించవచ్చు, చెయ్యెత్తితే తప్ప కనపడదు. ఇంకో చవక పద్ధతి హుక్కుల దగ్గర ఉంది. కాజా పట్టీకి వెడల్పాటి మరో పట్టీ కలిపి, అంగుళం ఎడంగా రెండో వరస కాజాలు కుట్టించడం. పొద్దున లోపలి వరసకు, సాయంత్రం ఒళ్ళు బరువెక్కాక బయటి వరసకు. కొత్తది కుట్టించేటప్పుడైతే ‘అన్నా, లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదులు, హుక్కులు ముందుకే పెట్టు’ అని చెప్పేస్తే చాలు. ముందు హుక్కుల జాకెట్టు బిడ్డ పుట్టాక పాలివ్వడానికీ వీలు. వెనక డోరీలు, జిప్పులు ఉన్న జాకెట్లను ఏడాదిన్నర పాటు బీరువా అడుగుకు తోసెయ్యడమే మేలు.

ఏడాదిన్నర అన్నది ఊరికే అన్న మాట కాదు. కొనే ప్రతి బట్టనూ తొమ్మిది నెలల లెక్కలో కాక పాలిచ్చే కాలం కూడా కలిపి చూసుకుంటే డబ్బు కలిసొస్తుంది. ముందు జిప్పున్న నూలు నైటీలు మూడు నాలుగు అందుకే మంచి బేరం. బాగేపల్లిలోనో చింతామణిలోనో బట్టలంగడికి పోయి గుడ్డ చేత్తో నలిపి చూసి తెచ్చుకోవచ్చు. శక్తి పథకం కింద 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ఆడవాళ్ళకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి దారి ఖర్చూ లేదు. లోబట్టల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. తీగ లేని నూలువి, ఒక సైజు పెద్దవి కొత్తగా కొనుక్కోవాల్సిందే. పాదాలు వాస్తాయి గనక మడమ ఎత్తులేని, పట్టీ వదులు చేసుకోగల చెప్పుల జత ఒకటి.

తాయి కార్డు, అంటే తల్లి ఆరోగ్య కార్డు, చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్ళే రోజుకు బట్ట ఎంపిక వేరు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. బీపీ చూడాలంటే బట్ట చెయ్యి పైకి మడవాలి, బిడ్డ గుండె చప్పుడు వినాలంటే పొట్ట తెరవాలి. బిగుతు చేతుల పొడుగు గౌను ఆ రోజు నిజంగా ఇబ్బంది. చీరైనా మేలే, వదులు చేతుల పొట్టి కుర్తీ, ఎలాస్టిక్ ప్యాంటు అయినా మేలే.

పొలం పనులకు వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర ఫ్యాషన్ ప్రపంచం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వేరుశనగ చేలల్లో, టమోటా తోటల్లో చీర మీద మగవాళ్ళ పాత ఫుల్ షర్టు వేసుకోవడం ఇక్కడ మామూలే. ఎండ తగలదు, దుమ్ము పడదు. అదే షర్టు ఉతికి ఇస్త్రీ చేసి, గుండీలు వదిలేసి కుర్తీ మీద తొడిగితే పట్నంలో కొత్త ఫ్యాషన్. ఆఫీసుకు వెళ్ళే గర్భిణికి ఇంతకంటే చవకైన కోటు దొరకదు.

సీమంతం దగ్గర చాలా ఇళ్ళ లెక్క తప్పుతుంది. గాజులు తొడిగే ఆ ఒక్క పూట కోసం బరువైన పట్టుచీర కొంటారు, రెండు గంటలు కూర్చునే సరికి ఆమెకు ఆయాసం. పెళ్ళి చీర ఉండనే ఉంది. దానికి సరిపోయే రంగులో కొత్త జాకెట్టు ఒకటి కుట్టిస్తే ఫొటోల్లో ఎవరూ గుర్తుపట్టరు, గుర్తుపట్టినా తప్పేం లేదు. తొలి కాన్పుకు కేంద్రం మాతృవందన యోజన కింద ఇచ్చే 5,000 రూపాయలు విశ్రాంతికీ మంచి తిండికీ ఉద్దేశించినవి, చీర జరీకి కాదు.

బాలింత బట్ట సంగతి ప్రభుత్వాలకూ తట్టింది. కర్ణాటకలో 2007లో బాలింతలకు ఇవ్వడం మొదలైన మడిలు కిట్‌లో పొట్టకు కట్టుకునే గుడ్డ ఉండేది. తెలంగాణలో 2017లో ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో తల్లికి రెండు చీరలు పెట్టారు. ఇంట్లో మాత్రం ఒక జాగ్రత్త: కాన్పు కాగానే పాత కొలతలు తిరిగి రావు కాబట్టి వదులు చేసిన జాకెట్ల కుట్లు వెంటనే బిగించుకోకూడదు, కొన్ని నెలలు ఆగాలి.

ఆ తర్వాత ఇక అక్కర్లేని వదులు బట్టలను అటక మీద పడేయకండి. తోడికోడలికో, పక్కింటి పిల్లకో ఇవ్వండి. ఇక సీమంతం తేదీ కుదిరినవాళ్ళు జాకెట్టు గుడ్డను కనీసం పదిహేను రోజుల ముందే టైలరుకు చేర్చండి, కొలత మాత్రం మళ్ళీ కొత్తగా ఇవ్వండి.