నగరం చూడబోయే ముందు నమాజు వేళలు చూసుకోండి

భూమిపై సంచరించి, మనకు పూర్వం గతించిన జాతుల పర్యవసానం ఏమయిందో చూసి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల బోధించింది. కనుక కుటుంబంతో కలిసి ఒక గొప్ప నగరాన్ని చూడబోవడం కేవలం కాలక్షేపం కాదు. సంకల్పం సరిగా ఉంటే అది కూడా పుణ్యకార్యమే అవుతుంది.

సెలవులు వచ్చాయంటే కర్నూలు, గుంటూరు, వరంగల్, నల్గొండ వంటి జిల్లాల నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు హైదరాబాదుకు బయలుదేరతాయి. పిల్లలకు చార్మినార్ చూపాలి, పెద్దవారికి మక్కా మసీదు చూపాలి, ఆడపిల్లలకు లాడ్ బజారులో గాజులు కొనిపెట్టాలి. ఈ కోరికలన్నీ న్యాయమైనవే. అయితే తెల్లవారుజామున బస్సు దిగి, రాత్రి బస్సు ఎక్కేలోగా పది స్థలాలు చుట్టిరావాలనుకోవడం వల్ల ఏం జరుగుతోంది? జుహర్ మ్యూజియంలో, అసర్ ఆటోలో, మగ్రిబ్ బజారు రద్దీలో గడిచిపోతాయి. మగవారు దారిలో కనబడిన మసీదులోకి వెళ్లి నమాజు చేసుకుని వస్తారు. స్త్రీలు మాత్రం బయట నిలబడి చెప్పులకు, సంచులకు, చంటిపిల్లలకు కాపలా కాస్తారు. రోజు ముగిసేసరికి వారి మూడు పూటల నమాజు ఖజా అయి ఉంటుంది. నమాజు పురుషులకే కాదు, స్త్రీలకూ ఫర్జ్ అన్న సంగతి మనకు ప్రయాణంలోనే గుర్తుండదా?

ముందుగా వేళలు, ఆ తరువాతే స్థలాలు

దీనికి మార్గం కష్టమైనది కాదు. బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద అయిదు నమాజుల వేళలు రాసుకోవాలి. ఆ వేళల మధ్య మిగిలిన సమయంలో ఏ స్థలాలు ఇముడుతాయో చూసుకోవాలి. అలా చూస్తే రోజుకు రెండు, మహా అయితే మూడు స్థలాలకు మించి పట్టవు. అంతే చాలు. పది స్థలాలు పరుగుతో చూసిన పిల్లవాడికి కాళ్ల నొప్పులు మాత్రమే మిగులుతాయి. రెండు స్థలాలు నిదానంగా చూసినవాడికి జీవితాంతం గుర్తుంటాయి.

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కుటుంబ ప్రయాణంలోనూ ఈ పద్ధతి ఎంతో మేలు. వేళ గుర్తు చేయవలసిన బాధ్యత ఒకరి మీద ఉంటుంది. స్త్రీలకు వుజూ, నమాజు ఎక్కడ అన్నది ఆ అమీరు ముందే తేల్చాలి. నగరంలో కొన్ని మసీదుల్లో స్త్రీలకు వేరే ఏర్పాటు ఉంటుంది. అక్కడి బంధువులను అడిగితే చెబుతారు. లేదంటే చూడబోయే ప్రాంతానికి దగ్గరలోనే బసచేసి జుహర్ వేళకు బసకు చేరుకోవాలి. భోజనం, విశ్రాంతి కూడా అక్కడే అవుతాయి. ఒక జానమాజ్, ఒక నీళ్ల సీసా సంచిలో పెట్టుకోవడం మరవవద్దు.

అల్లాహ్ ప్రయాణికులకు సౌలభ్యం కల్పించాడు. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల దూరం వెళ్లే ఉద్దేశంతో ఊరు దాటి, అక్కడ 15 రోజులకు తక్కువ ఉండదలచినవారు ముసాఫిర్ అవుతారు. వారు జుహర్, అసర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా ఖసర్ చేస్తారు. ఫజర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమాము వెనుక చేస్తే మాత్రం పూర్తిగా నాలుగు చేయాలి. ఇతర మస్లకుల వారు తమ ఆలిములను అడిగి తెలుసుకోవాలి. రెండు రకాతుల ఫర్జ్‌కు పట్టే సమయం ఎంత? ఇంత సులభం చేసిన తరువాత కూడా నమాజు వదిలితే మనం ఏ సాకు చెప్పగలం?

శుక్రవారం సంగతి

చాలామంది మక్కా మసీదులో జుమా చేయాలన్న కోరికతో శుక్రవారమే వస్తారు. సంతోషం. కానీ సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. తలుపు దగ్గరికి వెళ్లి తిరిగి రావడం ఎందుకు? ఆ రోజు ఉదయం గుస్ల్ చేసి, పెందలాడే మసీదుకు చేరుకుని, జుమా తరువాత చార్మినార్ పరిసరాలకే పరిమితం కావడం మంచిది. మ్యూజియాన్ని గురువారానికో శనివారానికో ఉంచుకోండి. జంతు ప్రదర్శనశాల చూడదలచినవారు సోమవారం సెలవని గుర్తుంచుకోవాలి. టికెట్ల ధరలు, వేళలు మారుతుంటాయి గనుక ముందురోజే విచారించుకోవాలి.

మక్కా మసీదు ముందుగా మసీదు, ఆ తరువాతే చూడదగిన కట్టడం. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలైన ఆ నిర్మాణం, 1687లో గోల్కొండ పతనమైన తరువాత ఔరంగజేబు కాలంలో గానీ పూర్తికాలేదు. అక్కడ నమాజు చేసేవారి ముందునుంచి నడవడం, వారి ఫోటోలు తీయడం తగదు. ఆవరణలోనే ఆసఫ్ జాహీ వంశస్థుల సమాధులున్నాయి. ఎదురుగా 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ పై అంతస్తులోనూ ఒక మసీదు ఉంది. నగరానికి పునాది వేసిన రాజు నగరం నడిబొడ్డున, అంత ఎత్తున మసీదు ఎందుకు కట్టించాడో పిల్లల్నే ఆలోచించమనండి.

చూపడం కాదు, చెప్పాలి

నేటి మన పిల్లల్లో అనేకులు తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదువుతున్నారు. గోడల మీది అరబీ, ఫార్సీ రాతలు వారికి గీతల్లా కనిపిస్తాయి. పెద్దలు చెప్పకపోతే వారికి చరిత్ర ఎవరో అన్న అరకొర మాటల్లోనే అందుతుంది. ఒకరు గొప్పలు చెబుతారు, మరొకరు నిందిస్తారు. రెండింటిలోనూ నిజం ఉండదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలు మూగుతారు, మూగనివ్వండి. కానీ అక్కడున్న ఖుర్ఆన్ వ్రాతప్రతులను చూపకుండా బయటికి తీసుకురావద్దు. అచ్చుయంత్రం లేని రోజుల్లో ఒక్కొక్క అక్షరాన్ని చేతితో రాసిన కాతిబుల ఓర్పు ఎంతటిదో చెప్పండి.

గోల్కొండకు ఉదయమే, ఎండ ముదరకముందే వెళ్లాలి. బాలాహిసార్ వరకు మూడు వందలకు పైగా మెట్లున్నాయి. వృద్ధులను, గర్భిణులను బలవంతం చేయకండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన వినిపిస్తుంది. పిల్లలు సంబరపడతారు. రామదాసు బందిఖానా చూపినప్పుడు, ఆ కథతో పాటే తానాషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నల సంగతీ చెప్పాలి. చార్మినార్ వైపునుంచి గోల్కొండకు వెళ్లే దారిలో, కార్వాన్‌లో 1671 నాటి టోలీ మసీదు కూడా చూడదగినది.

కోటకు చేరువలోనే కుతుబ్ షాహీ సమాధులున్నాయి. వాటిలో ఇబ్రాహీం కుతుబ్ షా సమాధి దగ్గర మన పిల్లలు కాసేపు ఆగాలి. 1550 నుంచి 1580 వరకు ఏలిన ఈ సుల్తాన్ యౌవనంలో విజయనగరంలో ఆశ్రయం పొందాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని అభిమానంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కుమారుడు ముహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో దీవాన్ రచించిన కవి. తండ్రి దర్బారులో తెలుగు, కొడుకు కలంలో ఉర్దూ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే మన బిడ్డకు ఇంతకంటే దగ్గరి చరిత్ర ఏముంది?

అక్కడ లేని సమాధి ఒకటుంది. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషాది. ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోట పడిపోగా, ఆయన దౌలతాబాదు కోటలో బందీగా మరణించి ఖుల్దాబాదులో ఖననమయ్యాడు. ఆయనను ఓడించిన ఔరంగజేబు 1707లో కన్నుమూస్తే, ఆయన సమాధీ అదే ఖుల్దాబాదులో ఉంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే ఊరి మట్టిలో కలిశారు. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని ప్రవక్త (స) చెప్పిన మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు. కనుక ఆ ఆవరణలో కేకలు, గోడల మీద పేర్లు గీకడం మాని, గతించినవారి మన్నింపు కోసం దువా చేసి రావాలి.

అప్పు చేసి విహారానికి వెళ్లవద్దు. ఉన్నంతలోనే వెళ్లాలి. ఇంటికి తిరిగి వచ్చాక ఏమేం కొన్నావని కాదు, ఏమేం తెలుసుకున్నావని పిల్లల్ని అడగాలి. అమ్మ నమాజు ఒక్కటైనా తప్పిందా అని ఇంటి పెద్ద తననుతాను అడిగి చూసుకోవాలి. మన ప్రయాణాలను అల్లాహ్ సులభం చేయుగాక, వాటిని మనకు గుణపాఠంగా మలచుగాక. ఆమీన్.