మీకు తెలుసా? పటాన్‌చెరులో ఓ ‘ఱ’ ఉండేది

బస్సు బోర్డు మీద పటాన్‌చెరు, దుకాణం పేరులో పటాన్‌చెరువు, ఇంకో గోడ మీద పఠాన్‌చెరు. ఎలా రాసినా దిగాల్సిన స్టాపు ఒకటే గనుక ఎవరికీ పట్టదు. నాలుగున్నర శతాబ్దాల కిందట మాత్రం ఈ ఊరు పొట్లచెఱువు. చెఱువులో ఉన్నది బండి ‘ఱ’.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో (1550–1580) ఇక్కడ అధికారిగా ఉన్న అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న ‘యయాతి చరిత్రము’ అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా దానికి పేరు. పక్కనున్న అమీన్‌పూర్ ఆ ఖాన్ పేరిట వెలిసిందేనంటారు. అచ్చతెలుగు కావ్యంలోకి సంస్కృతపు మాట ఉన్నదున్నట్టుగా రాకూడదు, అక్షరం మార్చుకుని రావచ్చు. లక్ష్మికి ప్రవేశం లేదు, లచ్చికి ఉంది. శ్రీ గడప బయటే, సిరి లోపల. ముఖం కుదరదు, మొగం సరే. భారతంలోని యయాతి కథనంతా ఇలా నడపాలంటే ఎంత పెద్ద మాటల మూట కావాలో ఊహించండి!

సుల్తాను పేరునూ మన కవులు వదల్లేదు. మాలిక్ ఇబ్రహీం కాస్తా మల్కిభరాముడయ్యాడు. గోల్కొండ సింహాసనం మీద రాముణ్ణి కూర్చోబెట్టిన ఘనత ఈ రాతదే.

మళ్లీ బండి ‘ఱ’ దగ్గరికొద్దాం. అది వట్టి అలంకారం కాదు. ‘వేరు’ అంటే చెట్టుది, ‘వేఱు’ అంటే మరొకటి. అరసున్నదీ ఇదే పని: ‘వాఁడు’ మనిషి, ‘వాడు’ అంటే వాడిపోవడం. పలుకులో ర, ఱ కలిసిపోయాక కూడా ప్రాసలో రెంటినీ కలపకూడదన్న నియమం మిగిలింది. చెవికి తేడా తెలియదు గనుక ఏ మాటలో ఏ ‘ర’ ఉందో కవి బట్టీపట్టాల్సిందే. 1656 నాటి అప్పకవీయంలో కాకునూరి అప్పకవి అందుకోసమే పట్టికలు ఇచ్చాడు. పోతన ప్రాసల్లో ఆ రెంటినీ కలిపాడు గనుకే పాత లాక్షణికులు భాగవతం నుంచి ఉదాహరణలు తీసుకోలేదన్నాడు కూడా. ఇది మరీ చాదస్తం అనిపిస్తుంది నాకు. జనం నోట నిలిచింది పోతన పద్యమే కదా!

ఇంగ్లిషువాళ్లకూ రాతతో ఇలాంటి గొడవే. షేక్‌స్పియర్ సంతకాల్లోనే ఆయన పేరు ఒకే తీరున ఉండదు. స్పెన్సర్ 1590లో ‘ఫేరీ క్వీన్’ మొదటి భాగం అచ్చేసినప్పుడు, తన కాలానికే పాతబడిన రాతను కావాలని వాడాడు, కథకు ప్రాచీనత రావాలని.

మన దగ్గర చాలా ప్రచురణల్లో ఱ, అరసున్న రెండూ ఎగిరిపోయాయి. వార్తలకు నష్టం లేదు గానీ పాత పద్యానికి ఉంది. ఈసారి పుస్తక ప్రదర్శనలో కావ్యం కొనేముందు ఓ పేజీ తిప్పి చూడండి. అరసున్నలు, బండి ‘ఱ’లు ఉన్న ప్రతినే తీసుకోండి.